ప్లాను బావగారి షికాగో యాత్ర

అమెరికాలో తెలుగువాళ్లు నలుగురున్న ప్రతి ఊళ్లోనూ ఒక ప్లాను బావగారు ఉంటారు. వయసు నలభైకీ యాభైకీ మధ్య. వృత్తి సాఫ్ట్‌వేర్, ప్రవృత్తి ఎక్సెల్. మామూలు రోజుల్లో నెమ్మదస్తుడు. ఇంట్లో ఏ కూర వండాలో ఆయన్ని ఎవరూ అడగరు, అడిగినా ఆయన చెప్పరు. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగి, పిల్లలకు వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే మాత్రం ఆయనలో ఉన్న సేనాపతి నిద్ర లేస్తాడు. అందరినీ కారెక్కించి ఒక మహానగరం చూపించి తీసుకురావాల్సిందే. న్యూజెర్సీలోని ఎడిసన్ వైపు బావగార్లకు ఆ మహానగరం తరచుగా షికాగో అవుతుంది. న్యూయార్కు గుమ్మంలోనే ఉంది కాబట్టి లెక్కలోకి రాదు. ఫిలడెల్ఫియాకు పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు కాబట్టి దానికి ప్లాను అక్కర్లేదు. ప్లాను అక్కర్లేని ఊరికి బావగారు వెళ్లరు.

అమెరికాలో వేసవి ప్రయాణాల కాలం మే నెల చివరి సోమవారం మెమోరియల్ డేతో మొదలై, సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డేతో ముగుస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లను మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. అందులో మొదటి నెల నిద్ర సర్దుకోవడానికీ, చివరి నెల సూట్‌కేసులు తూచడానికీ పోతుంది. మధ్యలో చిన్నకొడుకు ఇల్లు, కూతురి ఇల్లు, వరసకు తమ్ముడయ్యే ఆయన ఇల్లు ఉంటాయి. న్యూజెర్సీలో బళ్లు జూన్ నెలాఖరుకు గాని మూయరు. అన్నీ పోగా బావగారి చేతిలో మిగిలేది జూలై 4 చుట్టుపక్కల నాలుగు రోజులు. దేశంలో సగం జనానికి మిగిలేవీ ఆ నాలుగు రోజులే.

ప్లాను పుట్టేది మార్చిలో. గంటకో వరుస చొప్పున నాలుగు రోజులకూ షీటు తయారవుతుంది. ఎక్కడ ఆగాలి, ఎన్ని మైళ్లు, టోలు ఎంత, బాత్రూం ఉందా లేదా అన్నిటికీ తలా ఒక కాలమ్. చివరి కాలమ్ పేరు ‘అమ్మ మోకాళ్లు’. మెట్లు లేకపోతే ఆకుపచ్చ, పది లోపుంటే పసుపు, దాటితే ఎరుపు. ఆ కాలమ్‌ను దాచిపెట్టి మిగతాది వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఫైలు పేరు ‘షికాగో ఫైనల్’. దాని వెనకే ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ అసలుది’, ‘ఫైనల్ అమ్మ చూసింది’ వరసగా వస్తాయి. ఒక్కటీ ఎవరూ తెరవరు. ‘సూపర్’ అని మాత్రం అందరూ జవాబిస్తారు.

విమానంలో అయితే రెండున్నర గంటల్లో వెళ్లొచ్చు కదా అని బావగారి ముందు ఎవరూ అనకూడదు. అన్నారో, ఆరు టిక్కెట్ల ధర ఒక పక్కా, గ్యాసు ఖర్చు ఇంకో పక్కా వేసి కారే చవకని అప్పటికప్పుడు తేల్చేస్తారు. ఆ లెక్కలో టోళ్లు ఉండవు, దారిలో ఒక రాత్రి హోటలు ఉండదు, ఈ యాత్ర కోసమే కొని మినీవ్యాను నెత్తిన బిగించిన రూఫ్ బాక్సు అసలే ఉండదు. అది ‘ఎప్పటికైనా పనికొస్తుంది’ అనే పద్దు కింద వేరే షీటులో ఉంటుంది.

హోటలు ఎంపికకు సూత్రాలు మూడు: ఉచితంగా బ్రేక్‌ఫాస్టు, ఉచితంగా పార్కింగు, ఉచితంగా క్యాన్సిలేషను. ఈ మూడూ ఒక్కచోట షికాగో నడిబొడ్డున దొరకవు, ముప్పై మైళ్ల అవతల దొరుకుతాయి. అందుకే షికాగో యాత్రలో రాత్రులు నేపర్‌విల్‌లోనో షాంబర్గ్‌లోనో తెల్లారతాయి. బ్రేక్‌ఫాస్టు దగ్గర బావగారు తినేది ఒక్క వాఫిల్. బయటికొచ్చేటప్పుడు జేబులో రెండు అరటిపళ్లు, మూడు పెరుగు కప్పులు ఉంటాయి. డబ్బు కట్టాం కదా అని తండ్రికి చెబుతారు. ఉచితం అన్నావుగా అని తండ్రి గుర్తు చేస్తారు.

తిండి శాఖ అక్కయ్యది. ముందురోజు రాత్రే రెండు అల్యూమినియం ట్రేల పులిహోర, ముప్పై చపాతీలు, కారప్పూస, వేయించిన వేరుశెనగ పలుకులు, ఒక కూలర్ నిండా మజ్జిగ సిద్ధమవుతాయి. రైస్ కుక్కర్ వెనక సీట్లో ఎవరో ఒకరి ఒళ్లోకి చేరుతుంది. పెద్దావిడ హ్యాండ్‌బ్యాగులో మాత్రలూ హనుమాన్ చాలీసాతో పాటు చిన్న స్టీలు డబ్బా ఒకటుంటుంది. అందులో ఉన్నది తోడు. కొన్న పెరుగు చిక్కగా ఉంటుంది గాని అది పెరుగు కాదని ఆవిడ అభిప్రాయం.

షీటు ప్రకారం బయల్దేరేది తెల్లవారుజామున నాలుగింటికి. బావగారు మూడింటికే లేచి, గరాజ్‌లో కారు స్టార్టు చేసి కూర్చుంటారు. నాలుగున్నరకు పిల్లలు లేవరు. ఐదుంబావుకు పెద్దావిడ పంచాంగం తీసి ఇప్పుడు వర్జ్యం ఉందంటారు. అది ఇండియా టైమమ్మా అని కొడుకు అంటే, మరి ఇక్కడి టైము ప్రకారం రాసి ఉన్నది తెమ్మంటారు. గుడివాళ్లు ఇచ్చిన క్యాలెండరు వెతికి తెచ్చేసరికి ఆరున్నర. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు నలిగి బండి వీధిలోకి వచ్చేసరికి ఏడూ నలభై. బావగారు ఒక్క మాట అనరు. మొదటి పది మైళ్లూ స్టీరింగ్ మాత్రం గట్టిగా పట్టుకుంటారు.

ఎడిసన్ నుంచి షికాగో సుమారు 780 మైళ్లు. హైదరాబాదు నుంచి తిరుపతి వెళ్లి వచ్చినా ఇంకా కొంత మిగిలే దూరం. రాష్ట్రం దాటగానే మొదటి పరీక్ష గ్యాసు బంకులో ఎదురవుతుంది. న్యూజెర్సీలో వాహనదారు తన బండికి తానే గ్యాసు పోసుకోవడాన్ని 1949 నాటి చట్టం ఒప్పుకోదు. అమెరికాలో అలాంటి రాష్ట్రం ఇప్పుడు అదొక్కటే. పదిహేనేళ్లుగా కిటికీ దించి కార్డు అందించడమే ఎరిగిన బావగారు పెన్సిల్వేనియా బంకులో దిగి, ఆ గొట్టాన్ని పాము పట్టినట్టు పట్టుకుంటారు. తండ్రి కిటికీలోంచి చూసి, మన తెనాలిలో కుర్రాడు పోస్తాడు కదరా, ఇంత పెద్ద దేశంలో మనిషే లేడా అంటారు.

పెన్సిల్వేనియా టర్న్‌పైక్ 1940లో తెరిచిన రోడ్డు. అలెఘేనీ కొండల్లో అది సొరంగాల గుండా పోతుంది. పెద్దాయనకు అరకు రైలు గుర్తొస్తుంది, పిల్లలు ఊపిరి బిగబట్టి లెక్కపెట్టుకుంటారు. వాళ్లందరికీ దారిలో ఇష్టమైన ఘట్టం ఇదే. బావగారికి మాత్రం ఇది టోళ్ల బాధ ఎక్కువున్న ఘట్టం. ప్రతి గాంట్రీ కిందా ఎంత పడిందో ఆయన పైకే చదువుతారు.

సగం దారిలో పిట్స్‌బర్గ్. ఊరి శివారు పెన్‌హిల్స్‌లో కొండ మీద శ్రీవేంకటేశ్వరుడి గుడి ఉంది. 1970ల్లో కట్టారు. అమెరికాలో తొలినాళ్ల హిందూ దేవాలయాల్లో అదొకటి. షీటులో దానికి నలభై నిమిషాలు కేటాయించారు. దర్శనం ఇరవై నిమిషాల్లో అవుతుంది. కింద క్యాంటీన్లో దద్దోజనం దగ్గర పెద్దావిడకు గుడివాడ ఆవిడ ఒకరు కలుస్తారు. ఇద్దరి మేనమామలూ ఒకే బళ్లో పనిచేశారని తేలడానికి గంటంబావు పడుతుంది. బావగారు కార్లో కూర్చుని షీటును గంట కిందికి జరుపుతారు. ఒహాయో అంతా ఆ గంటను రాబట్టే ప్రయత్నంలో గడుస్తుంది. పోలీసు కారేదైనా చెట్టు చాటున కనిపించేదాకా ఆ ప్రయత్నం సాగుతుంది.

ఇండియానాలో అద్భుతం జరుగుతుంది. ఆ రాష్ట్రం చాలా భాగం తూర్పు కాలమానంలో ఉంటే, షికాగోకు దగ్గరున్న వాయవ్య మూల ఒక గంట వెనకుంటుంది. గీత దాటగానే ఫోన్లలో గంట దానంతటదే వెనక్కి పోతుంది. షీటులో బావగారు పట్టించుకోనిది ఇదొక్కటే. అయినా దర్జాగా వెనక్కి తిరిగి, చూశారా, గంట కలిసొచ్చింది అంటారు. ఆరింటి మాత్ర వేసేసుకున్నాను, ఇప్పుడు మళ్లీ ఆరింటికి ఇంకోటి వేసుకోవాలా అని పెద్దావిడ అడుగుతారు. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోయినప్పుడు కార్లో ఎవరూ మాట్లాడరు.

ఇక నగరం. షీటులో చూడాల్సినవి పంతొమ్మిది ఉంటాయి. మొదటిది విల్లిస్ టవర్. 110 అంతస్తులు. 2009లో పేరు మారినా బావగారికి అది సియర్స్ టవరే. దాని నిర్మాణ రూపకర్త ఫజ్లూర్ రహ్మాన్ ఖాన్ ఢాకాలో పుట్టినవాడని చెప్పేటప్పుడు ఆయన గొంతులో మనవాడన్న ధీమా పలుకుతుంది. రెండోది మిలీనియం పార్కులో అద్దంలా మెరిసే స్టీలు శిల్పం, క్లౌడ్ గేట్. చేసినవాడు ముంబైలో పుట్టిన అనీష్ కపూర్. ఊళ్లోవాళ్లు చిక్కుడుగింజ అనే అర్థంలో దాన్ని ‘బీన్’ అంటారు. పెద్దావిడకు అది బొబ్బర్లా కనిపిస్తుంది. తర్వాత డీప్ డిష్ పిజ్జా. అది కాలడానికే ముప్పావుగంట పడుతుంది, షీటులో మొత్తం భోజనానికి ఇచ్చింది అరగంట. చివరికి వచ్చినదాన్ని పెద్దావిడ వేలితో నొక్కి చూసి, దిబ్బరొట్టేరా ఇది, ఇంగువ వెయ్యడం మర్చిపోయారు అని తీర్పు చెబుతారు. సాయంత్రం డెవాన్ అవెన్యూలో భారతీయ దుకాణాలు. ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో దొరికే కాకరకాయలే ఇక్కడా దొరుకుతాయని తెలుసుకోవడానికి 780 మైళ్లు రావాల్సి వచ్చిందని అక్కయ్య అంటారు. అంటూనే రెండు కిలోలు కొంటారు.

పార్కింగును వేరే అధ్యాయంగా చెప్పుకోవాలి. బావగారు నెల ముందే ఒక యాప్‌లో భూగర్భ గరాజ్ బుక్ చేసి, సగం ధరకే దొరికిందని గ్రూపులో వేడుక చేసుకుంటారు. ఆ గరాజ్ ముఖద్వారం దగ్గర ఎత్తు పరిమితి తెలిపే ఇనపకడ్డీ వేలాడుతూ ఉంటుంది. రూఫ్ బాక్సు దానికి నాలుగంగుళాలు ఎక్కువ. వెనక ఆరు కార్లు హారన్లు కొడుతుంటే రివర్సులో బయటికొచ్చి, దారి తప్పి లోయర్ వ్యాకర్ డ్రైవ్‌లో పడతారు. అది రోడ్డు కింద రోడ్డు, అక్కడ జీపీఎస్ దిక్కు మర్చిపోతుంది. ఎనిమిది నిమిషాల తర్వాత వెలుగులోకి వచ్చి, ‘మీరు దిగి చూడండి, నేను ఒక రౌండు వేసి వస్తాను’ అంటారు. బావగారు షికాగోలో ఉన్నన్నాళ్లూ అనే మాట ఇదొక్కటే.

పెద్దాయన కోరిక మాత్రం ఒకే ఒకటి. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు సర్వమత మహాసభలో మాట్లాడిన భవనం మిషిగన్ అవెన్యూలో నేటికీ ఉంది. అదే ఇప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. ఎదుటి వీధి స్తంభానికి ‘స్వామి వివేకానంద వే’ అనే పలక కట్టారు. షీటులో దీనికి పన్నెండు నిమిషాలు. పెద్దాయన చెప్పులు విడిచి, ఆ స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడతారు. బడిలో తాను పిల్లలకు చెప్పిన పాఠం మనవడికి మొదటినుంచీ చెప్పడం మొదలుపెడతారు. మనవడు ఫోను జేబులో పెట్టేస్తాడు. ముప్పావుగంట గడుస్తుంది. ప్రతిచోటా ఐదు నిమిషాలకోసారి ఫోను చేసి ‘అయిందా’ అని అడిగే బావగారు ఆ ముప్పావుగంటలో ఒక్కసారీ చెయ్యరు. వ్యాను ఆ వీధిలో తొమ్మిదిసార్లు కనిపించి వెళ్తుంది.

తిరిగొచ్చాక లెక్క చూస్తే పంతొమ్మిదిలో ఏడు అయి ఉంటాయి. మిగతా పన్నెండూ వచ్చే ఏడాది దిగబోయే అత్తమామల పేరు మీదికి బదిలీ అవుతాయి. షికాగో ఎలా ఉందని ఇండియా నుంచి చెల్లెలు అడిగితే, ఊరు బాగానే ఉందే గాని కారు నిలబెట్టడానికే నలభై డాలర్లట అని పెద్దావిడ చెబుతారు. అందులో ఆవిడ తప్పేమీ లేదు. నాలుగు రోజులూ చెవిన పడింది ధరలే.

ఈ రకం మనుషుల గురించి రాసేవాళ్లు చాలావరకు వాళ్ల బావమరదులే. ఆ రైస్ కుక్కర్‌ను ఒళ్లో పెట్టుకుని మూడో వరస సీట్లో వెళ్లి వచ్చినవాళ్లు. వాళ్ల మాటల్లో కొంత కడుపుమంట కలిసి ఉంటుంది కాబట్టి తగ్గించి చదువుకోవాలి. పైగా ఇంటికి చేరిన వారంలోనే వాళ్లు ‘నయాగరా ఫైనల్’ అని ఒక షీటు తెరుస్తారు. కాలమ్‌ల కోసం బావగారి ఫైలునే కాపీ కొట్టి, దాచిన కాలమ్‌ను అప్పుడు చూస్తారు.

బావగారు ఇప్పటికి నాలుగుసార్లు షికాగో వెళ్లారు. యాత్ర ఫొటోలు ఆరువందల దాకా ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ ఆయన లేరు. విల్లిస్ టవర్ 103వ అంతస్తులోని అద్దాల గూడులో ఇంటిల్లిపాదీ నిలబడ్డారు, ఆయన ఇంతవరకూ ఎక్కలేదు. షీటులో దాని పక్కన గడి ఆకుపచ్చగానే ఉంది: లిఫ్టు ఉంది, అమ్మ మోకాళ్లకు ఇబ్బంది లేదు.