ఆవు అడ్డొస్తే ఎంతిస్తారు?

కర్గీ రోడ్ అన్నది స్టేషన్ పేరు, ఊరి పేరు కోటా. బిలాస్‌పూర్-కట్నీ లైన్లో బొగ్గు వ్యాగన్లు చూసుకుంటూ బతికే మాబోటి తెలుగు రైల్వే కుటుంబాలకి ఇక్కడ కారుతో పెద్ద పనుండదు. విజయనగరం వెళ్ళాలంటే బిలాస్‌పూర్లో విశాఖ బండి ఎక్కడమే. కారు రతన్‌పూర్ మహామాయ గుడికీ, బిలాస్‌పూర్ బజారుకీ. మిగతా రోజుల్లో క్వార్టర్ ముందు వేపచెట్టు కింద కాకుల సేవలో ఉంటుంది.

కారు కొన్నప్పుడు మూడేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టించుకున్నారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకి అదే రూలు. ఆ గడువు తీరగానే ఏజెంటు ఫోన్ చేశాడు. థర్డ్ పార్టీకి బేరం లేదు. 1000 సీసీ దాటి 1500 లోపు కారుకి 2022 జూన్ నుంచి 3416 రూపాయలు, పైన జీఎస్టీ. బేరమంతా ఆ తర్వాతే. జీరో డెప్, ఇంజిన్ ప్రొటెక్ట్, రిటర్న్ టు ఇన్వాయిస్, రోడ్ సైడ్ అసిస్టెన్స్, చివరికి నట్లూ బోల్టులకీ నూనెకీ కూడా ఒక కవరు. పెళ్ళిభోజనంలో వడ్డించేవాడిలా వద్దంటున్నా వేస్తూనే ఉన్నాడు.

ఆ జాబితా విని విజయనగరం నుంచి మా బావమరిది ఒక్కటే అడిగాడు. "అవన్నీ సరేగాని బావా, ఆవు అడ్డొస్తే ఎంతిస్తారేటి?"

వాడిది వెటకారమే గానీ ప్రశ్న అసలైనది. ఇక్కడ వానాకాలం రాత్రుళ్ళు పశువులు తారురోడ్డు మీదే పడుకుంటాయి. పశువుల్ని ఊళ్ళ మీదికి వదలొద్దని 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'రోకా-ఛేకా' పేరుతో ఊరూరా చెప్పించింది. ఆ సంగతి పశువులకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఈ గొడవ బిలాస్‌పూర్ హైకోర్టు దాకా వెళ్ళింది. అవి మాత్రం రోడ్డు దిగలేదు.

సరే, లెక్క వేద్దామని కూర్చున్నాను. ఆవు తోక తగిలి బంపరు పోయిందనుకుందాం. ఖరీదు నాలుగు వేలు. ప్లాస్టిక్ కాబట్టి తరుగు కింద సగం కోత, రెండు వేలు. అందులో మనం తప్పనిసరిగా భరించాల్సిన వెయ్యి పోతే చేతికొచ్చేది వెయ్యి. మూడేళ్ళు క్లెయిమ్ లేకుండా ఉన్నందుకు, మన కారు రిపేర్ల కోసం కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 35 శాతం తగ్గింపు వచ్చింది కదా, ఆ ప్రీమియం ఆరు వేలైతే 2100. ఒక్క క్లెయిమ్‌తో వచ్చే ఏడు అది సున్నా. అంటే వెయ్యి తీసుకుని రెండు వేలు వదులుకోవాలి. జీరో డెప్ ఉంటే తరుగు కోత ఉండదు, చేతికి మూడు వేలొస్తాయి, కానీ ఆ కవరుకి కట్టిందీ పోయిన తగ్గింపూ తీసేస్తే మిగిలేది కంపెనీ ఎస్సెమ్మెస్సే.

ఈ లెక్క మా ఆవిడకి చూపించాను. "అయితే ఏవండీ, డబ్బు కట్టి వాడకుండా ఉండటమే లాభమంటారా?" అంది. గీతలకీ సొట్టలకీ అంతేనన్నాను.

ఎదురుగా ఎద్దే వస్తే కథ వేరు. బానెట్, రేడియేటర్, లైట్లు అన్నీ పోయి బిల్లు లక్ష దాటితే, మూడేళ్ళు దాటిన కారుకి లోహపు భాగాల మీదా పాతిక శాతం కోత ఉంటుంది, ప్లాస్టిక్, రబ్బరు మీద సగం. ఆ కోతలన్నీ కలిస్తే నా నెల జీతం గోవిందా. జీరో డెప్ అక్కడ పనికొస్తుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ నీళ్ళలోకి బండి దించి మళ్ళీ స్టార్ట్ చేసే ధైర్యవంతులకి. నేను గొడుగు లేకుండా డ్యూటీకే వెళ్ళను. పూర్తి ఇన్వాయిస్ ధర ఇచ్చేది కారు దొంగిలిస్తేనో మొత్తం పోతేనో పనికొస్తుంది. మా కారుని కాకులు గుర్తుపట్టనివ్వవు, దొంగెవడు తీసుకెళ్తాడు?

జీరో డెప్ ఒక్కటి తీసుకుని మిగతావి వద్దన్నాను. ఏజెంటు నొచ్చుకున్నాడు, మా బావమరిది మాత్రం "ఎద్దుకి సరే, మరి ఏనుగుకి?" అంటున్నాడు. మీరు కూడా ఏజెంటు ఫోనెత్తే ముందు మీ మెకానిక్‌ని బంపరు ధర, బానెట్ ధర విడివిడిగా అడిగి ఒక కాగితం మీద రాసుకోండి.