ప్లేయర్ మామ

తిరుచానూరులో మా వీధికొచ్చి ప్లేయర్ మామ ఇల్లెక్కడ అంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. కొత్తవాళ్లు ఆయనేదో రంజీ క్రికెట్ ఆడి వచ్చిన మనిషి అనుకుని, చెప్పులు కాస్త భక్తిగా విడిచి లోపలికి పోతారు. మామ జన్మలో బ్యాటు పట్టింది లేదు. కరెంటు పనివాళ్లు కటింగ్ ప్లేయర్ అంటారే, ఆ ప్లేయర్. అది ఆయన ప్యాంటు కుడి జేబులో ఉంటుంది. దాని రెండు పిడుల్లో కత్తి, రంపం, కత్తెర, ఆకురాయి, డబ్బా మూత తీసేది, స్క్రూ డ్రైవర్లు మడతలు పడి ఉమ్మడి కాపురం చేస్తుంటాయి. ఒకదాన్ని బయటికి లాగితే, నేనూ వస్తానని పక్కది కూడా తగులుకుంటుంది. ఉమ్మడి కాపురమన్నాక తప్పదు గదా.

మామ బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరయ్యాడు. ఆ రోజుల్లో నోట్ల కట్టకు ఇనప పిన్నులు దిగ్గొట్టి ఉండేవి. వాటిని ఊడబెరికి, నోటు చిరగకుండా కట్ట విప్పడం ఒక విద్య. ఆ విద్యలో మామను మించినవాడు బ్రాంచిలో లేడు. 2001లో రిజర్వు బ్యాంకు కట్టలకు పిన్నులు కొట్టొద్దని బ్యాంకులన్నిటికీ చెప్పేసింది. కాగితం పట్టీలొచ్చాయి. దేశానికి శుభ్రమైన నోట్లు దక్కాయి గానీ మామ చేతులకు పని పోయింది. ఊడబెరకడానికి అలవాటు పడ్డ చేతులు ఊరకే ఉంటాయా? ఆనాటి నుంచి లోకంలో ఇంకా ఏమేమి ఊడబెరకొచ్చునా అని చూస్తున్నాయి.

ఇప్పుడున్న పరికరం అమెరికాలో ఉన్న అల్లుడు అయిదేళ్ల కిందట తెచ్చిచ్చింది. లెదర్‌మన్ కంపెనీది, వేవ్ ప్లస్ అనే రకం. అందులో 18 పనిముట్లు, మడిస్తే 10 సెంటీమీటర్లు, బరువు 241 గ్రాములు. ఈ చివరి లెక్కను మామ కంపెనీ మాట మీద నమ్మలేదు. అంగడికి తీసకపోయి కందిపప్పు తూచే కాటాలో పెట్టించాడు. పావుకిలోకు తొమ్మిది గ్రాములు తక్కువ. అంత బరువు నిత్యం ఒకే జేబులో మోయడంతో మామ నడకే మారిపోయింది. ఎదురుగా వస్తుంటే ఒకవైపు చక్రం గాలి దిగిన ఆటోలాగా కుడివైపు వాలి వస్తాడు.

ఆ పరికరానికి ఒక స్థలపురాణం కూడా ఉంది. అడిగినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు.

"1975లో, అల్లుడూ, టిమ్ లెదర్‌మన్ అనే అమెరికా ఆయన పెండ్లాన్ని ఎక్కించుకోని పాత ఫియట్ కారులో యూరపంతా తిరిగినాడు. కారా, దినానికొకటి ఊడుతుంది. దిగిన లాడ్జీల్లో కొళాయిలా, కారతానే ఉంటాయి. చేతిలో ఉండేది చిన్న మడత కత్తి. దీనికొక పట్టకారు ఉంటే ఎంత బాగుండు అనుకున్నాడు. ఊరికి పోయి, నెల దినాల్లో చేసేస్తానని షెడ్డులో కూర్చున్నాడు. నెల కాస్తా మూడేండ్లయింది. అమ్మకానికి వచ్చేసరికి 1983."

"అన్నేండ్లు ఇల్లెట్ల గడిచింది మామా?"

"పెండ్లాం ఉద్యోగం చేసింది."

వంటింట్లోంచి అత్త గొంతు వినిపిస్తుంది. "పురాణంలో దండం పెట్టాల్సింది ఆయమ్మకు!"

మామ ఈ ఫలశ్రుతిని పట్టించుకోడు. నేరుగా స్విట్జర్లాండ్ కాండలోకి దిగుతాడు. ఆ దేశపు సిపాయిల మడత కత్తులు మొదట జర్మనీ నుంచి వచ్చేవట. కార్ల్ ఎల్స్‌నర్ అనే కత్తుల మేస్త్రికి రోషమొచ్చి 1891 నుంచి తానే చేసిచ్చాడట. 1897లో ఆఫీసర్ల కోసం ఇంకా తేలికైనది తయారుచేసి, అందులో సీసా బిరడా లాగే మరతీగ కూడా పెట్టాడట. తర్వాత తల్లి విక్టోరియా పేరు మీద కంపెనీకి పేరు. విక్టోరినాక్స్ అనే మాటలో సగం అమ్మ, సగం తుప్పు పట్టని ఉక్కు. "అమ్మ పేరు పెట్టుకున్నోడు చెడిపోతాడా?" అని మామ అమ్మవారి గుడి గోపురం వైపు చేతులెత్తుతాడు. ఆ మరతీగ దేనికని మా జేజి అడిగితే మాత్రం, "బిగుసుకున్న తాడు ముడులు విప్పేదానికి జేజీ" అన్నాడు. అబద్ధమేమీ కాదు, నిజంగానే బాగా విప్పుతుంది.

ఎంపిక విషయంలో మామను మించిన సలహాదారు లేడని నేను ఒప్పుకుంటాను. మా వీధిలో ఒక పిల్లోడికి ఉద్యోగమొచ్చి, మొదటి జీతంతో ఇలాంటిదే కొనాలనుకున్నాడు. టీ అంగడి దగ్గర మామ వాడికి గంటసేపు ఉపదేశం చేశాడు.

"ముందు ఒక వారం దినాలు జేబులో కాగితం పెట్టుకో. ఏ పనికి చేతిలో ఏమి లేక ఇబ్బంది పడినావో రాసుకో. పార్శిల్ కోసేది, దారం కత్తిరించేది, ముల్లు లాగేది, ఇవే వస్తాయి. దానికి 58 మిల్లీమీటర్ల చిన్న స్విస్ కత్తి చాలు. ఇరవై గ్రాములకు కాస్త పైన, తాళాల గుత్తిలో పడుంటుంది. కత్తెర బాగుందా అని మొదట చూడు. దినామూ వాడేది అదే. ప్లేయర్ కావాలంటే దాని దంతాలు వెలుతురుకు పట్టి చూడు, సందు కనపడకూడదు. కత్తి తెరిచినాక తాళం పడల్ల. లేకుంటే అది నీ వేలి మీదికే మడుచుకుంటుంది. పనిముట్లు ఎన్ని ఉండాయని మాత్రం లెక్కపెట్టుకోవద్దు. 87 పనిముట్లతో ఒక స్విస్ కత్తి చేసినారు. అది జేబులో పెట్టుకునేది కాదు, తలకింద పెట్టుకోని పండుకునేది."

పిల్లోడు చిన్న కత్తి కొనుక్కొని సుఖంగా ఉన్నాడు. మామ తన ఉపదేశం తనకు వర్తించదన్నట్టు పావుకిలో మోస్తూనే ఉన్నాడు. "అదేంది మామా" అంటే, పరికరంలో అన్నిటికన్నా చిన్నదాన్ని బయటికి తీసి చూపించాడు. కళ్లద్దాల స్క్రూ తిప్పేది, వడ్లగింజంత మొన. "ఈ ఒక్కదాని కోసం మిగతావన్నీ మోస్తా ఉండా. ఎవురికో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు కళ్లద్దాలు ఊడతాయి." ఈ అయిదేళ్లలో మా ఊళ్లో ఎవరి కళ్లద్దాలూ ఊడలేదు. ఎవరైనా అద్దాలు సవరించుకుంటే చాలు, మామ ముఖంలో ఆశ కనపడుతుంది.

కొనడం ఒక పూట పని, మోయడం మాత్రం జీవితకాలపు సమస్య. ప్యాంటుకు జేబుంది. గళ్ల లుంగీకి ఏముంది? పంచెకు ఏముంది? రొంటిన దోపుకుంటే పావుకిలో ఇనుము ఏ క్షణంలోనైనా పంచెతో సహా కిందికి రాగలదు. ఒకసారి కల్యాణ మండపంలో పెద్దలతో మాట్లాడుతూ మామ రెండు చేతులతో రొంటి పట్టుకునే నిలబడ్డాడు. అందరూ వినయం అనుకున్నారు. విమానమెక్కితే దాన్ని పెద్ద పెట్టెలో వేయాలి, చేతిసంచిలో రానివ్వరు. ఇది కత్తి కదా, పోలీసులు పట్టుకోరా అని ఎవరైనా అంటే, మామ క్యాషియర్ గొంతుతో ఆయుధాల చట్టం అప్పజెబుతాడు. లైసెన్సు అడిగే కత్తుల జాబితాలోకి ఎక్కాలంటే బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉండాలట. "నాది మూడంగుళాలు గూడా లేదు" అంటాడు. ఆ మాటలో ధైర్యంతో పాటు కొంత నిరాశ కూడా వినిపిస్తుంది.

మామను చూసినప్పుడల్లా నాకు మా తాత గుర్తొస్తాడు. తాత మొలతాడుకు ఒక చిన్న ఇత్తడి వలయం వేలాడేది. దానికి ముల్లు లాగే చిమటా ఒకటి, చెవిలో గుబిలి తీసే సన్న గరిటె ఒకటి. అంతే ఆయన సరంజామా. చేలో తుమ్మముల్లు దిగితే గట్టు మీద కూర్చుని, లాగి పారేసి, మళ్లీ మడక పట్టేవాడు. తాతకు ముల్లు ముందు గుచ్చుకుంది, చిమటా తర్వాత వచ్చింది. మామకు చిమటా ముందు వచ్చింది. ముల్లు కోసం ఊరంతా తిరుగుతున్నాడు.

ఆ తిరుగుడులో ఒక ఏడు ఆయనకు మా ఇల్లు దొరికింది. కార్తీక బ్రహ్మోత్సవాలు. తెల్లవారితే పంచమీ తీర్థం. చంద్రగిరి నుంచి, పుత్తూరు నుంచి పదకొండు మంది బంధువులు దిగారు. మా పెరట్లో కొళాయి సన్నగా కారుతోంది. లోపల వాషరు అరిగింది, అంతకు మించి జబ్బేమీ లేదు. ఈ సంగతి మామకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. రాత్రి పదింటికి సెల్‌ఫోను లైటు వేసుకుని, కుడివైపు వాలుతూ వచ్చేశాడు.

"లెదర్‌మన్ ఆయన మొదలుపెట్టిందే కొళాయి దగ్గర" అని ఉపోద్ఘాతం చెప్పి ప్లేయర్ తెరిచాడు. దాని నోరు చిన్నది, కొళాయి నట్టు పెద్దది. నోరు పట్టక జారింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది. నట్టు మూలలు అరిగి లడ్డులా గుండ్రంగా అయ్యాక, మామకు పట్టుదల వచ్చింది. రెండు చేతులా పట్టి ఒక్క తిప్పు తిప్పాడు. ట్యాంకు వాల్వు కట్టేయలేదన్న సంగతి అందరికీ ఒకేసారి తెలిసింది. చక్రత్తాళ్వారుకు పద్మ సరోవరంలో స్నానం మర్నాడు. మా పెరట్లో పదకొండు మంది బంధువులకు ఆ రాత్రే తీర్థం అయిపోయింది.

అత్త వచ్చింది. ఎవరినీ ఏమీ అనలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి, మిద్దె మీదికి పోయి, వాల్వు చేత్తో తిప్పింది. నీళ్లు నిలిచాయి. మామ తడి ముఖం తుడుచుకుని, "దీనికి పైపు రెంచి కావాల. ఇది జేబు సామాను గదా" అన్నాడు. పుత్తూరు చిన్నాన్న అక్షింతలు పడ్డట్టు తలమీది నీళ్లు దులుపుకుంటూ, "అవును నాయనా, జేబులోనే ఉండనీ" అన్నాడు.

మామకు విప్పడంలో ఉన్న హస్తవాసి బిగించడంలో లేదు. ఏది విప్పినా తిరిగి బిగించాక ఒకటో రెండో స్క్రూలు మిగులుతాయి. వాటిని ఒక పాత హార్లిక్స్ సీసాలో వేస్తాడు. మిక్సీవి, ఫ్యానువి, గోడ గడియారానివి, మా టీవీ రిమోటువి అన్నీ అందులో కలిసిమెలిసి ఉన్నాయి. "కంపెనీవాళ్లు ముందుజాగ్రత్తకు రెండెక్కువే వేస్తారు" అని ఆయన సిద్ధాంతం. అత్త సిద్ధాంతం వేరు. ఆమె తాళిబొట్టుకు నాలుగు పిన్నీసులుంటాయి. తెగిన చెప్పు వారు, ఊడిన జిప్పు, చిరిగిన సంచి, కాల్లో ముల్లు, లంగాలో నాడా, అన్నిటికీ అదే మందు. వాటి బరువెంతో ఎవరూ తూచలేదు.

మొన్న మామ మొక్కు తీర్చుకోవడానికి అత్తతో కలిసి కొండకు బయల్దేరాడు. అలిపిరిలో సామాన్లన్నీ తనిఖీ చేస్తారు, కత్తులకు కొండెక్కే యోగం లేదు. పరికరాన్ని ఇంట్లో పెడితే, బయల్దేరే లోపే అత్త దాన్ని పాత ఇనపసామాన్ల వాడికి వేస్తుందని భయం. తెల్లవారుజామున మా ఇంటికొచ్చి, రుమాల్లో చుట్టి నా చేతిలో పెట్టాడు. "రెండు దినాలు. వాడుకో, తప్పులేదు. కానీ కళ్లద్దాల మొన మాత్రం పోగొట్టద్దు" అన్నాడు. చేతులు ఖాళీ అయ్యేసరికి ఎటు వాలాలో తెలియక మామ తిన్నగా నడుచుకుంటూ పోయాడు. అంత నిటారుగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు.

నిజం చెప్పొద్దూ, ఆ రెండు రోజులూ నేను నేనుగా లేను. జేబులో పావుకిలో పడగానే నా కళ్లు మారాయి. తలుపు బందులు వదులుగా కనిపించాయి. కుర్చీ కిర్రుమంది. ఏనాడూ లేనిది ఎదురింటి గేటు చప్పుడు వినిపించింది. రెండో రోజు మధ్యాహ్నానికి బాగానే తిరుగుతున్న టేబుల్ ఫ్యాను విప్పి కూర్చున్నాను. బిగించాక ఒక స్క్రూ మిగిలింది. మా ఆవిడ చూడకముందే దాన్ని గుప్పిట్లో దాచుకుని, ఎక్కడ పారెయ్యాలా అని ఆలోచిస్తుంటే హార్లిక్స్ సీసా గుర్తొచ్చింది. అప్పుడు మామ మీద మొదటిసారి జాలేసింది.

ఆ సాయంత్రమే మామ దిగాడు. గుండు మీద గంధం, చేతిలో లడ్డు సంచి. ముఖం వెలిగిపోతోంది. దర్శనం బాగా అయిందేమో అనుకున్నాను.

"3,550 మెట్లు ఎక్కినా గదా అల్లుడూ, మెట్టుకొకటి చెడిపోతా ఉండాది. ఒకాయన సంచి జిప్పు, ఒక పిల్లోడి చెప్పు. నా చేతిలో ఏమీ లేదు. మీ అత్త పిన్నీసులన్నీ పంచేసింది. కల్యాణకట్టలో బ్లేడు గూడా వాళ్లదే. క్యూలో నిలబడుకోని ఉండాం. నా ముందర ఒక పెద్దాయన. సామి ఇంకా కాస్త దూరం. అప్పుడు ఊడింది!"

"ఏమి?"

"కళ్లద్దాలు! స్క్రూ సగం బయటికి వచ్చి, కాడ ఏలాడతా ఉండాది. పెద్దాయన అద్దాలు లేకుండా సామిని ఎట్ల చూసేదని ఏడుపొక్కటే తక్కువ. అయిదేండ్లు మోసినా గదా అల్లుడూ, ఆ మొన యాడుండాది? నీ జేబులో ఉండాది."

నేను తల వంచుకున్నాను.

"ఇంకేం చేసేది? గోరుతో తిప్పినా. ఈ బొటనవేలి గోరుతో. మూడు చుట్లు. బిగుసుకునింది. ఒక్కటి గూడా మిగల్లేదు!"

ఆ చివరి మాట ఆయన రెండుసార్లు అన్నాడు. నేను రుమాలు మూట తెచ్చి ఇచ్చాను. నా గుప్పిట్లో ఉన్న స్క్రూ కూడా అందులోనే వేసి ఇచ్చాను. మామ దాన్ని చూశాడు గానీ, ఎక్కడిదని అడగలేదు. అరుగు మీద కూర్చుని పరికరం విప్పాడు. కత్తి తెరవలేదు, ప్లేయర్ తెరవలేదు. ఆకురాయి బయటికి లాగి, మొన కాస్త విరిగిన ఆ బొటనవేలి గోరును పొద్దు వాలే దాకా శ్రద్ధగా సాన పెట్టుకుంటూ కూర్చున్నాడు.