రెండు అంకెలూ నావే

నేను పాదరసం బీపీ మిషన్‌ని. జిల్లా ఆస్పత్రి ఎముకల వార్డులో ఉంటాను. మినమాటా ఒప్పందం తర్వాత నాలాంటి వాళ్లను తీసేస్తున్నారు. పక్కనే డిజిటల్ మిషన్ వచ్చి కూర్చుంది. ఆ రాత్రి మాత్రం దానివల్ల కాని పని నాకు పడింది.

బైకు మీంచి పడి మోకాలి కింద ఎముక విరిగిన కుర్రాడు. ఎక్కడో సిమెంటు కట్టు వేయించుకుని వచ్చాడు. "ఇంజెక్షన్ చేసినా తగ్గట్లేదమ్మా" అంటూ తండ్రి సిస్టర్ వెంట తిరుగుతున్నాడు. ఎముక విరిగితే నొప్పి ఉండదా అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. డ్యూటీ డాక్టరుగారు అలా అనుకోలేదు. లోపలి దూదితో సహా కట్టును నిలువునా కోయించి, కాలిని గుండె ఎత్తులోనే ఉంచమన్నారు. కాలివేళ్లు మెల్లగా కిందికి వంచారో లేదో, కుర్రాడు వార్డు అదిరేలా అరిచాడు.

"పాదం మీద నాడి అందుతోంది కదా సార్" అన్నాడు హౌస్ సర్జన్.

"నాడి పోయేదాకా ఆగితే కండ ముందే పోతుందయ్యా."

మోకాలి కింద కండలు నాలుగు అరల్లో ఉంటాయి. ఆ అరల గోడలు సాగవు. లోపల వాపు పెరిగితే సన్నని రక్తనాళాలు నలిగిపోయి కండకీ నరానికీ రక్తం అందదు, పెద్ద ధమని మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ కండ కోలుకునే ఆశ తగ్గిపోతుంది.

ఆ ఒత్తిడి కొలిచే ప్రత్యేక పరికరం మా దగ్గర లేదు. 1975లో అమెరికాలో వైట్‌సైడ్స్ బృందం చూపిన దారి ఉంది: సూది, సిరంజి, త్రీవే అనే మూడు దారుల కుళాయి, సగం దాకా సెలైన్ నింపిన గొట్టం, ఆపైన నేను. సూదిని కాలి ముందువైపు అరలోకి గుచ్చి సిరంజి నొక్కుతుంటే నా పాదరసం లేస్తుంది. గొట్టంలో సెలైన్ సూది వైపు కదిలిన క్షణాన నన్ను చదవాలి. మామూలుగా 10 లోపు. అప్పుడు 52.

అంతకుముందే జబ్బ దగ్గర కింది బీపీ 70 చెప్పాను. తేడా 18. అది 30 లోపుంటే అరల గోడలు కోయాలని 1996లో ఎడిన్‌బరా నుంచి మెక్వీన్, కోర్ట్-బ్రౌన్ రాశారు. ఒంటి అంకెను చూసి తేల్చకూడదు. బీపీ పడిపోయినవాడికి అరలో 35 కూడా ప్రమాదమే. నిజానికి ఆ రాత్రి ఆపరేషన్‌కి దారి తీసింది కుర్రాడి అరుపు, నేను సాక్షిని. స్పృహ లేనివాడైతే అరవలేడు, అక్కడ నేనే దిక్కు.

థియేటర్‌కు నన్ను తీసుకెళ్లలేదు. పిక్కకు రెండు పక్కలా రెండు పొడుగాటి గాట్లు పెట్టి నాలుగు అరలూ విప్పారట. కండ ఎర్రగానే ఉందట, ముట్టుకుంటే ముడుచుకుందట. ఎముకకు బయట రాడ్లు బిగించి, గాయం కుట్టకుండా వదిలేశారు. రెండ్రోజులాగి మళ్లీ చూశారు. వాపు దిగాక ఒక గాటు కుట్టి, రెండోదానికి తొడ చర్మం తీసి అతికారు.

"మచ్చ పడుతుందా సార్?" అన్నాడు తండ్రి.

"పడుతుంది. ఏదీ బాబూ, పాదం పైకెత్తు."

ఎత్తాడు.