సారు తిరువళ్ళూరు పోయుండారు

తిరుత్తణి ఆఫీసుల్లో మురుగన్ నామం తర్వాత ఎక్కువసార్లు వినబడే మాట ఇదే. గుమ్మంలో నిలబడి "సారు ఉండారా?" అని అడిగితే తలెత్తకుండానే జవాబొస్తుంది: "తిరువళ్ళూరు పోయుండారు, మీటింగు." జిల్లా కేంద్రం కదా, మీటింగులు అక్కడే కదా అని మనమూ తిరువళ్ళూరు పోయి అదే సారు కోసం అడుగుతాం. "తిరుత్తణి పోయుండారు, ఇన్‌స్పెక్షను." రెండు మాటలూ నిజమే. సర్కారు ఆఫీసులో అబద్ధమాడే మనిషి మనకు ఎదురుపడడు. ఎదురుపడనిది సారొక్కరే.

ఇలాంటి చోటికి "ఇకమీదట అందరూ ఠంచనుగా ఆఫీసులో ఉండాల్సిందే" అని తాఖీదొస్తే బుద్ధిమంతుడైన ఉద్యోగి అడగాల్సిన మొదటి ప్రశ్న, ఏ ఆఫీసులో అని.

కరోనా ఏడాదిలో ఈ ప్రశ్నకు పరీక్ష పెట్టారు. 2020 మే 18 నుంచి తమిళనాడు ఆఫీసుల్లో సగం మంది వంతులవారీగా రావాలన్నారు, దానికి బదులు శనివారం కూడా పని అన్నారు. సెప్టెంబరు 1 నుంచి వంతుల్లేవు, నూటికి నూరు మందీ రావాలన్నారు. రమ్మనడం అయింది. ఇక రావడం సంగతి. జిల్లా లోపల తిరిగే బస్సులు ఆ రోజే కదిలాయి, జిల్లా దాటే బస్సులు 7వ తేదీన. చెన్నపట్నం లోకల్ రైళ్ళు అక్టోబరు 5న పట్టాలెక్కాయి, అవీ అత్యవసర సిబ్బంది కోసం. అంబత్తూరులో కాపురముండి తిరువళ్ళూరు ఆఫీసుకొచ్చే గుమాస్తా బాధ ఇంకా సొగసైనది. అంబత్తూరు మొన్న మొన్నటిదాకా తిరువళ్ళూరు జిల్లాలోనే ఉండేది. 2018లో దాన్ని చెన్నై జిల్లాలో కలిపారు. ఆయన ఇల్లు మారలేదు, ఆఫీసు మారలేదు, కానీ కాగితం ప్రకారం రోజూ జిల్లా దాటి వచ్చే మనిషైపోయాడు. ఆ సెప్టెంబరు మొదటి వారంలో ఉత్తర్వును పాటించాలంటే ఆయన ముందు ఇంకో ఉత్తర్వును అడ్డుకట్ట తీయమని బతిమాలుకోవాలి.

తిరుత్తణికి ఇది పాత అలవాటే. మన చిత్తూరు జిల్లాలో ఉన్న ఊరు సరిహద్దు మధ్యవర్తి పటాస్కర్ సిఫారసు ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. దీని కోసం తమిళ నాయకుడు మ.పొ.శివజ్ఞానం ఉద్యమం చేశారు, జైలుకూ వెళ్ళారు. అన్నీ అయ్యాక తేల్చిన తేదీ ఏప్రిల్ 1. ముందురోజు సాయంత్రం ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఆఫీసును పొద్దున్నే మద్రాసులో తెరిచారు. కుర్చీ అంగుళం కదల్లేదు. రాష్ట్రమే వచ్చి కుర్చీ కింద దూరింది. ప్రయాణ భత్యం రాయడానికి వీల్లేని ప్రయాణం అంటే అదే.

రెవెన్యూ ఇంట పుట్టినవాడు ఊరు దాటితేనే బాగుపడతాడన్న నమ్మకం కూడా ఈ ఊరిదేనేమో. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో ఇక్కడ పుట్టారు. తండ్రి వీరాస్వామి గారు జమీందారు కొలువులో చిన్నపాటి రెవెన్యూ ఉద్యోగి. కొడుకు రాష్ట్రపతి భవన్ దాకా పోయారు. మన సార్లు పట్నం దాకా పోతేనే ఎందుకంత గోల?

నిజానికి ఒకప్పుడు రెవెన్యూ వాళ్ళను ఆఫీసుకు రమ్మనే అవసరమే లేదు. కరణం అరుగే ఆఫీసు, ఆయన చుట్ట వాసనే హాజరు. 1980లో ఎంజీఆర్ ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారాలను రద్దు చేసి, పరీక్ష రాసి వచ్చే గ్రామ పరిపాలనాధికారులను, అంటే వీఏఓలను పెట్టింది. మంచి పనే, ఆ అరుగు ఎక్కలేని కులాల వాళ్ళను అడిగితే ఎంత మంచి పనో చెబుతారు. వీఏఓ తను పనిచేసే ఊళ్ళోనే కాపురం ఉండాలని నియమం కూడా ఉంది. నియమం ఊళ్ళోనే ఉంది. కాపురం మాత్రం పిల్లల ఇంగ్లీషు ఇస్కూలు పక్కన ఉంది. రెంటికీ మధ్య ఎలక్ట్రిక్ రైలు తిరుగుతూ ఉంటుంది.

మిగతా చోట్లేమన్నా మెరుగా అంటే, కేంద్ర ప్రభుత్వం 2024 జూన్‌లో 9.15 దాటి వస్తే అరపూట క్యాజువల్ లీవు కోస్తామంది. కేంద్ర ఉద్యోగికి ఏడాదికి ఎనిమిది క్యాజువల్ లీవులు. అంటే పదహారు ఆలస్యాలు. అది విన్న మా తిరుత్తణి మిత్రుడొకరు దాన్ని శిక్ష అనుకోలేదు, కోటా అనుకున్నాడు. ఆంధ్రాలో 2016లో సచివాలయం ఉద్యోగుల్ని హైదరాబాదు నుంచి వెలగపూడికి తేవడానికి వారానికి ఐదురోజుల పని అని ఆశ చూపారు. ఏడాది అనుకున్న ఆ వెసులుబాటు పొడిగింపుల మీద పొడిగింపులు తెచ్చుకుంది. 2023 జనవరి నుంచి అక్కడి ఆఫీసుల్లో ముఖం చూపించి హాజరు వేయించుకోవాలన్నారు.

ఈ ముఖం మిషను తిరుత్తణికి రావాలని నా కోరిక. ఆడికృత్తికకు ఇక్కడ సగం ఊరు గుండు కొట్టించుకుని, చందనం పూసుకుని, నుదుటి నిండా విభూతితో కొండ దిగుతుంది. ఆ మర్నాడు పది గంటలకు వరసలో నిలబడ్డ గుండ్లను చూసి మిషను ఏం చేస్తుంది? హెడ్‌క్లర్కుకు అటెండరు హాజరు వేస్తుంది. అటెండరుకు స్వామివారి హాజరు వేస్తుంది. ఎవరినీ గుర్తుపట్టలేనప్పుడు మిషను కూడా తిరువళ్ళూరు పోయుండారనే అనాలి.

ఉద్యోగుల తరఫున ఒక న్యాయమైన మాట చెప్పాలి. లోపల కూర్చోమన్న సర్కారే బయటికీ తరిమింది. 2024 జనవరి 31న మొదలైన "ఉంగళై తేడి ఉంగళ్ ఊరిల్" (మిమ్మల్ని వెతుక్కుంటూ మీ ఊళ్ళో) పథకంలో కలెక్టరే నెలకోసారి ఒక తాలూకాలో పొద్దున తొమ్మిది నుంచి మర్నాడు తొమ్మిది దాకా మకాం వెయ్యాలన్నారు. కలెక్టరు వస్తే తహసీల్దారు ఇంట్లో ఉంటాడా? 2025 జులై 15న "ఉంగళుడన్ స్టాలిన్" (మీతో స్టాలిన్) మొదలైంది, రాష్ట్రమంతా పది వేల శిబిరాలు. శిబిరానికి పోయిన వాళ్ళంతా ఆఫీసులో లేనివాళ్ళే కదా. ఆఫీసుకొచ్చిన రైతును శిబిరానికి పొమ్మన్నారు, శిబిరానికొచ్చిన రైతును నకలు జతచేసి ఆఫీసులో ఇమ్మన్నారు. ఇందులో సోమరితనం ఎక్కడా లేదు. అందరూ పరిగెడుతూనే ఉన్నారు.

సరే, ఒకరోజు అందరూ ఉన్నారనుకుందాం. ఉత్తర్వు పూర్తిగా గెలిచింది. పది గంటలకు అన్ని కుర్చీలూ నిండాయి, టేబులు మీద కాపలాకు పెట్టే రెండో కళ్ళజోడు సొరుగులోకి వెళ్ళిపోయింది. పళ్ళిపట్టు వైపు నుంచి ఒక ముసలి రైతు పట్టా మార్పు కోసం వచ్చాడు. గుడ్డసంచిలోంచి తాత నాటి దస్తావేజు తీశాడు. 1960కి ముందుది, పొల్లు పోకుండా తెలుగులో ఉంది. కాగితం ఒక టేబులు నుంచి ఇంకో టేబులుకు, అక్కడి నుంచి మూడో టేబులుకు నడిచింది. అందరూ ఉన్నారు, అందరూ చూశారు, తిరగేసి కూడా చూశారు.

"ఇంతమంది ఉండారు కదప్పా, ఒకరికన్నా చదవను రాదా?"

"తెలుగులో ఉండాది పెద్దాయనా. అది చదివే సారు తిరువళ్ళూరు పోయుండారు."

హాజరు పట్టీలో ఆ రోజు లోటేమీ లేదు. తెలుగు సారుకు ఓడీ, అంటే ఆన్ డ్యూటీ రాశారు, ఓడీ కూడా హాజరే.

కాబట్టి సర్కారుకు నా మనవి ఒకటుంది. ఉద్యోగుల్ని ఆఫీసుకు రప్పించే ప్రయత్నం అరవై ఏళ్ళుగా చూస్తున్నాం, ఇక ఆఫీసును వాళ్ళ దగ్గరికి పంపండి. తిరుత్తణి లోకల్‌లో ఒక పెట్టెకు బోర్డు కట్టండి. తహసీల్దారుకు కిటికీ సీటు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు ఎదురు సీటు, వీఏఓలు తలుపు దగ్గర వేలాడుతూ వస్తారు, వాళ్ళకది అలవాటే. హాజరు టికెట్ కలెక్టరు వేస్తాడు, జిల్లా కలెక్టరుకు ఆ భారం తప్పుతుంది. చిట్టా, అడంగల్ కావలసినవాళ్ళు సీజన్ టికెట్ తీసుకుంటే చాలు, దరఖాస్తు రుసుం అక్కర్లేదు. సుమారు నలభై కిలోమీటర్ల దారిలో ఒక పట్టా తేలిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఈ రైలు తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు పోవాలంటే మధ్యలో అరక్కోణం మీదుగా పోవాలి. 2019 నుంచి అది రాణిపేట జిల్లా. అక్కడ బండి ఆగినంతసేపూ ఎవరూ అర్జీ ఇవ్వకూడదు. ఇచ్చినా సారు తీసుకోరు, అది ఆయన జిల్లా కాదు.