తీగ తెగినా బేరం తెగకూడదు

సికింద్రాబాద్‌లో పియానోలు శ్రుతి చేసే పని మొదలుపెట్టారా? శుభం. చర్చిలు, పాత మిషన్ స్కూళ్లు, మారేడ్‌పల్లి వైపు పాత ఇళ్లు, పిల్లల్ని గ్రేడ్ పరీక్షలకు కూర్చోబెడుతున్న గచ్చిబౌలి ఫ్లాట్లు... బేరాలకు కొదవ లేదు.

ముందు విజిటింగ్ కార్డు కొట్టించండి. చెవి పదునెక్కడానికి ఏళ్లు పడుతుంది, కార్డుకు ఒక పూట చాలు. ఉక్కుతీగ బిరుసు వల్ల అతిస్వరాలు లెక్కకన్నా హెచ్చుగా పలుకుతాయనీ, అందుకే పై స్థాయిని పిసరంత సాగదీసి కట్టాలనీ, ఆ పిసరు పియానోకో తీరనీ పెద్దవాళ్లు చెబుతారు. పట్టించుకోకండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ సూది నడిమధ్య నిలిచిందా, డబ్బులు అడిగేయండి.

ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని పియానో దొరికితే మాత్రం వదలొద్దు. రెండు వందల పైచిలుకు తీగలు, అన్నీ కలిసి లాగే బిగువు టన్నుల్లో ఉంటుంది. కొన్నింటిని బిగించేసరికి ముందు బిగించినవి మళ్లీ దిగుతాయి. అందుకని తెలిసినవాళ్లు మొదట మొత్తం ముతకగా ఎక్కించి, తర్వాతే సన్నంగా సరిచేస్తారు. కొన్ని వారాలాగి ఇంకోసారి వస్తామని ముందే చెబుతారు. ఎంత అమాయకత్వం! మీరు ఒక్క చుట్టులో 440 హెర్ట్జ్ శ్రుతికి లాగేసి, చాయ్ తాగి వచ్చేయండి. ఆదివారానికి జారిపోతుంది, వాళ్లే ఫోన్ చేస్తారు. ఒకే ఇంట్లో ఏడాదికి ఆరు బేరాలు! తుప్పు పట్టిన తీగ టప్పున తెగితే, "ఇది మునుపే తెగి ఉందండీ" అనండి. చెంప మీద గాటు పడితే మాత్రం ఆ మాట అంతగా అతకదు.

తొలకరికి చెక్క తేమ పీల్చి సౌండ్‌బోర్డు ఉబ్బుతుంది, శ్రుతి హెచ్చుతుంది. కాబట్టి మొదటి వాన పడిన రోజే వెళ్లండి.

పియానో టీచర్ల దగ్గరికి పాఠం జరుగుతుండగా వెళ్లాలి. పిల్లల అమ్మానాన్నల ముందు, "ఇన్నాళ్లూ ఈ అపశ్రుతి మీకెలా వినబడలేదు మేడమ్?" అని అడగండి. పాతిక ఇళ్లలో మీ పేరు ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది.

చర్చికి డిసెంబరు 24 సాయంత్రం. క్వాయర్ సాధన, బెంచీలు ఈడ్చే చప్పుడు, మైకు టెస్టింగు. చాలా స్వరాలకుండే మూడేసి తీగలూ ఏకమయ్యాయో లేదో మీకు వినబడదు. మీకే వినబడనిది వాళ్లకెలా వినబడుతుంది?

ఫెల్టును పురుగు తిన్నా, లోపల ఎలుక కాపురం పెట్టినా ఇంటివాళ్లకు చెప్పి బాధపెట్టకండి.

"మా పియానో తేడాగా పలుకుతోంది" అని ఎవరో పిలుస్తారు. తీరా వెళ్తే ఎలక్ట్రానిక్ కీబోర్డు. ఇందులో తీగలే లేవని చెప్పి తిరిగి రాకండి. వెనక మూత విప్పి, దుమ్ము ఊది, పిల్లలెవరో నొక్కేసిన ట్రాన్స్‌పోజ్‌ను సున్నాకు తెచ్చి, పూర్తి డబ్బులు పుచ్చుకోండి. ఆర్నెల్లకోసారి శ్రుతి చేయించకపోతే తీగలు సాగిపోతాయని కూడా చెప్పి రండి.