కాంపు పెదనాన్న

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా వెళ్ళండి. మొదటి పంక్తిలో, నెయ్యి వడ్డించేవాడికి చేరువలో ఒక పెద్దాయన కనిపిస్తాడు. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా, ఎండకి ఇటుకరంగు తిరిగిన మెడ. కూరలెన్ని వేసినా వాటి వంక చూడడు. అన్నం మెతుకు ఒకటి తీసి, వేళ్ళ మధ్య నలిపి, "ఇది మా కాంపు బియ్యం కాదు" అని తీర్పు చెప్పాకే ముద్ద ఎత్తుతాడు. ఆయనే కాంపు పెదనాన్న. అసలు పేరు శుభలేఖలో అచ్చువేయడానికి తప్ప ఎవరికీ అవసరం పడదు.

మా వైపు ప్రతి వంశానికీ ఇలాంటివాడు ఒకడుంటాడు. కాంపు పెదనాన్న కాకపోతే కాంపు బాబాయి, ఆయనా కాకపోతే కాంపు మావయ్య. కాంపులంటే కర్ణాటకలో సింధనూరు, గంగావతి, కారటగి, సిరుగుప్పల చుట్టూ తుంగభద్ర కాలవల వెంబడి మనవాళ్ళు కట్టుకున్న ఊళ్ళు. 1953లో డ్యాము నీళ్ళు పారడం మొదలయ్యాక గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు వేసుకున్న పాకలే ఊళ్ళయ్యాయి. పాకలు పెంకుటిళ్ళయ్యాయి, పెంకుటిళ్ళు మేడలయ్యాయి. పేరు చివరి కాంపు మాత్రం అలాగే ఉంది. "ఇన్నేళ్ళయ్యాక ఇంకా కాంపేంటి పెదనాన్నా?" అంటే, "ఎప్పటికైనా వెనక్కి రావాలి కదరా" అంటాడు. ఈ మాట మూడు తరాలుగా అంటున్నాడు. మధ్యలో అక్కడ మూడంతస్తులు కట్టాడు.

అసలు వెళ్ళడమెందుకంటే, కూడికలు భాగహారాలయ్యాయి కాబట్టి. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పడింది. ఆ నీళ్ళతో కొన్ని తరాలు కడుపునిండా తిని, ఇంటినిండా పిల్లల్ని కని, పొలాన్ని గట్లుగా పంచుకుంటూ పోయాయి. పెదనాన్న వంతుకి రేపల్లె శివారులో ఎకరన్నర తేలింది. తెనాలివాళ్ళకి ఊరి నడిబొడ్డున మూడు కాలవలు. శివారు రైతుకి కాలవ నీళ్ళు వదిలే లస్కరు దయ. రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని తూము దగ్గర కాపలా కాసి, తెల్లారేసరికి పాదం తడిసేటన్ని నీళ్ళు తెచ్చుకోవాలి. అంతకుముందు తరం ఇదే బాధతో, 1931లో పూర్తయిన నిజాంసాగర్ కిందికి, బోధన్, వర్ని వైపు బండ్లు కట్టింది. ఈయన తుంగభద్ర వైపు చూశాడు.

1955లో ఎకరం అమ్మి వెళ్ళాడు. అక్కడ ఎంత కొన్నాడన్నది ఏ పెళ్ళిలో అడిగామన్నదాన్ని బట్టి ఉంటుంది. మా అక్క పెళ్ళికి అయిదెకరాలు, బావ చెల్లెలి పెళ్ళికి పది, మొన్న మేనకోడలి పెళ్ళికి పదిహేను. పెద్దమ్మ పక్క పంక్తిలోంచి, "ఎకరానికి వచ్చింది నాలుగే. తక్కినవి నా గాజులు, నా గొలుసు, ఇంకా తీరని అప్పు" అని దిద్దుతుంది. ఆయనకి ఆ చెవి సరిగా వినపడదు.

గుంటూరులో మీటర్‌గేజి రైలెక్కి, దొనకొండ, గిద్దలూరు, నంద్యాల మీదుగా గుంతకల్లు చేరి, అక్కణ్ణుంచి బళ్ళారి వైపు పోయారట. సామాను జాబితా ఇప్పటికీ అప్పజెబుతాడు. విత్తనాల బస్తా, ఆవకాయ జాడీలు రెండు, గోంగూర పచ్చడి జాడీ ఒకటి, చంకలో పెద్దవాడు. జాడీలు పగలకుండా చేరాయని ముందు చెబుతాడు, పెద్దవాడి సంగతి తర్వాత.

దిగింది హైదరాబాదు రాష్ట్రంలో. మరుసటేడు నవంబరు ఒకటిన రాష్ట్రాలు మార్చేసరికి, నారుమడి దగ్గర నుంచున్నవాడు నుంచున్నట్టే మైసూరు రాష్ట్రంవాడయ్యాడు. 1973లో అదే మంచం మీద పడుకుని కర్ణాటకవాడయ్యాడు. ముచ్చటగా మూడు రాష్ట్రాలకి శిస్తు కట్టాడు, గుమ్మం మాత్రం కదల్లేదు. అక్కడివాళ్ళకి ఆయన కన్నడం తెలుగులా వినపడుతుంది, మనకి ఆయన తెలుగు కన్నడంలా. ఆయనకి మాత్రం రెండూ వచ్చు.

చుట్టూ నల్లరేగడి. జొన్న, పత్తి పండే నేల. అందులో మోకాలిలోతు దిగి, చదును చేసి, గట్లు వేసి, నాట్లు వేస్తుంటే ఊరివాళ్ళు గట్టుమీద చేరి వినోదం చూశారట. పెద్దమ్మ కడుపుతో ఉండి కూడా నాట్లు వేసింది. ఏ ఏడు అని అడక్కండి. దాదాపు ప్రతి ఏడూ కడుపుతోనే ఉంది.

ఎనిమిది మంది పిల్లలు. పెద్దోడు, పెద్దమ్మాయి, నడిపోడు, చిన్నమ్మాయి అంటూ పిలుచుకొచ్చి, అయిదోవాడికి ఆఖరోడని పేరు పెట్టారు. తర్వాత ముగ్గురు పుట్టారు. పుట్టిన తేదీలన్నీ కాలవ లెక్కలోనే. ఒకడు గండి పడ్డ ఏడు, ఒకత్తె నీళ్ళు ఆలస్యంగా వదిలిన ఏడు. బడిలో పంతులుగారు ఈ పురాణం వినలేక అందరికీ జూన్ ఒకటి రాసేశారు. రికార్డుల ప్రకారం వారిలో ఇద్దరికి ఒక్కరోజు తేడా కూడా లేదు.

అయితే పెదనాన్న పిల్లల్ని తలల్లో లెక్కపెట్టలేదు, ఎకరాల్లో లెక్కపెట్టాడు. కడుపు పండిందని తెలియగానే పక్కవాడి పొలం బేరమాడేవాడు. "పుట్టేవాడికి కాళ్ళు పెట్టుకోవడానికి చోటుండాలిగా" అనేవాడు. అలా పుట్టేవాళ్ళు పుడుతుంటే ఇరవై ఎకరాలయింది.

ఇందులో ఒక చిక్కుంది. డ్యాము తలపెట్టినవాళ్ళు ఎడమ కాలవ కింద ఎక్కువ భాగానికి జొన్న, పత్తి లాంటి ఆరుతడి పంటలే అనుకున్నారు. వరి కొద్దిచోట్లే. ఆ కాగితం పెదనాన్నకి చేరలేదు. చేరినా కన్నడంలో ఉందనేవాడు. నీళ్ళు కనపడితే వరి వేయకుండా ఉండటం ఆయనకి చేతకాదు. పై కాంపుల్లో మళ్ళు నిండేసరికి కింద మాన్వి, రాయచూరు వైపు చివరి రైతుకి కాలవ ఎండింది. కొన్ని పొలాలు నీళ్ళు ఎక్కువై చవుడు తేలాయి. "రేపల్లెలో నువ్వు పడ్డ బాధే కదా పెదనాన్నా వాళ్ళదీ?" అంటే, కాసేపు మీసం దువ్వి, "అందుకేరా, ఈసారి కాలవ మొదట్లో కొన్నాను" అంటాడు. అనుభవం మనిషికి నేర్పే పాఠం ఒకటే ఉంటుందని ఎవరన్నారో గాని, పెదనాన్నకి అది రెండో పాఠం నేర్పలేదు.

బాపట్ల మీద మాత్రం ఆయనకి భక్తి. అక్కడ భావన్నారాయణస్వామి గుడికి ఒకసారి, వ్యవసాయ కళాశాలకి రెండుసార్లు దణ్ణం పెడతాడు. 1945లో పెట్టిన ఆ కాలేజీలో నడిపోడు చదివాడు. "యూరియా తగ్గించు నాన్నా" అన్నందుకు వాణ్ణి ఏడాదిపాటు పొలంలోకి రానివ్వలేదు. కాని 1986లో బాపట్ల సన్నాలు బీపీటీ 5204 వచ్చినప్పుడు, పెళ్ళికొచ్చినవాడు తాంబూలం వదిలేసి విత్తనం మూట పట్టుకుపోయాడు. కాంపుల్లో ఆ వడ్లు విరగ పండాయి. ఆ వంగడం పుట్టుకలో తైవాన్ వరి ఉంది, మలేషియా మసూరి ఉంది. పొట్టకూటికి ఊరు మారిన గింజ. ఈ సంగతి చెబితే పెదనాన్న ఒప్పుకోడు. "అది మా బాపట్లది. బాపట్ల నుంచి కాంపుకొచ్చింది. అంతే" అంటాడు.

2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాము పందొమ్మిదో గేటు కొట్టుకుపోయింది. తొంభై దాటిన పెదనాన్న పిల్లలందరికీ ఫోన్లు చేశాడు. ఇప్పుడు వాళ్ళలో కాంపులో ఎవరూ లేరు. హైదరాబాదు, బెంగళూరు, డాలస్. డాలస్‌లో ఉన్న ఆఖరోడు నిద్రకళ్ళతో "నేనేం చెయ్యను నాన్నా?" అంటే, "ఇంజనీరువి కదరా, బయల్దేరు" అన్నాడు. వాడు సాఫ్ట్‌వేరు ఇంజనీరని ఇన్నేళ్ళకి తెలిసింది. రిటైరైన ఇంజనీరు కన్నయ్యనాయుడు వచ్చి వారంలో అడ్డుపలకలు దించితే, "అదీ చదువంటే" అని పిల్లలందరికీ మళ్ళీ ఫోన్లు చేశాడు.

పొలం అమ్మేసి హైదరాబాదులో ఫ్లాటు కొందామని కొడుకుల మాట. ఆ పొలమే వాళ్ళని చదివించింది, ఆ చదువే వాళ్ళని పొలం దాటించింది. ఇందులో ఎవరి తప్పూ లేదని పెదనాన్నకీ తెలుసు. అమ్మడానికి ఒప్పుకున్నాడు కూడా. ఏ ఊరివాడైనా సరే, ఏ భాషవాడైనా సరే, రేటు కాస్త తగ్గినా సరే. బేరానికొచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఒక్క ప్రశ్న అడుగుతాడు. "పిల్లలెంతమంది?" వచ్చినవాడు గర్వంగా "ఒక్కడేనండి" అంటాడు. మజ్జిగ తాగించి పంపేస్తున్నాడు.