ఆరు గంటల నిదానం

టెక్సాసులో పోలీసు ఆపితే కారు దిగకూడదు. మన ఊళ్ళో దిగకపోతే తప్పు. దిగి, నాలుగడుగులు ఎదురెళ్ళి, "సార్, కాస్త అర్జెంటు పని మీద…" అని మొదలుపెట్టడం కనీస మర్యాద. ఇక్కడ చేతులు రెండూ స్టీరింగ్ మీద పెట్టి బిగుసుకుని కూర్చోవాలి. పైగా ఆఫీసరు చాలాసార్లు కుడివైపు కిటికీ దగ్గరికే వస్తాడు, రోడ్డువైపు నిలబడితే వెనకొచ్చే బండ్లతో ప్రమాదమని. అంటే తప్పు ఎడమ సీటుది, విచారణ కుడి సీటు ముక్కు ముందు. ఫ్రిస్కోలో హనుమంతుడి గుడి నుంచి వస్తూ, ప్రెస్టన్ రోడ్డు మీద, ఒళ్ళో పులిహోర పొట్లంతో నేను అలా ఇరుక్కున్నాను.

"ఎంత స్పీడులో వెళ్తున్నారో తెలుసా?" అని అడిగాడు. మా ఆయనకి తెలీదట. నాకు తెలుసు. 45 ఉండాల్సిన చోట 57. గుడి మలుపు దగ్గర్నుంచీ చెప్తూనే ఉన్నాను. అయినా పులిహోరలో పల్లీలు లెక్కపెడుతూ తలవంచుకుని కూర్చున్నాను. టికెట్టు మీద సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదని, కోర్టుకి జవాబు చెప్తానని మాటిచ్చినట్టేనని ఆఫీసరు చెప్పాడు. అయినా మా ఆయన కాగితం పైనుంచి కిందిదాకా ఒక్కొక్క అక్షరమే చదివి గానీ పెట్టలేదు. ఆ నిదానం ఓ అర మైలు ముందు వచ్చుంటే ఎంత బాగుండేది!

ఇంటికొచ్చాక వాదన మొదలు. ఇదే రాష్ట్రంలో, ఆస్టిన్ దగ్గర 130 నంబరు టోల్ రోడ్డు మీద 2012 నుంచీ 85 మైళ్ళ దాకా పోవచ్చు, దేశం మొత్తంలో అంతకు మించిన లిమిట్ లేదు, అలాంటి రాష్ట్రంలో 57కి టికెట్టేమిటని. "అయితే ఆ రోడ్డు మీదే గుడి కట్టించమందామా?" అన్నాను. ఈలోగా హైదరాబాదు నుంచి మా మరిది ఫోను. "వదినా, తొందరపడి కట్టకండి. డిస్కౌంట్ వస్తుంది." అతని అనుభవం అతనిది. తెలంగాణలో 2022 మార్చిలో బకాయి చలాన్ల మీద టూవీలర్లకి 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో 80 శాతం. అప్పట్నుంచీ అతను చలాన్లని పట్టుచీరల్లా ఆషాఢం కోసం దాచుకుంటున్నాడు. ఇక్కడ ఆషాఢం లేదు నాయనా అంటే నమ్మడు.

ఉన్నదల్లా కోర్సు. డిఫెన్సివ్ డ్రైవింగ్ అంటారు. గడువులోగా కోర్టుని అడిగి, 90 రోజుల్లో పూర్తిచేసి కాగితాలు చూపిస్తే టికెట్టు కొట్టేస్తారు. ఏడాదిలో రెండోసారి కుదరదు. లిమిట్‌ని 25 మైళ్ళు మించితే అసలే కుదరదు. మా ఆయన మించింది 12. "చూశావా, రూల్సు దాటలేదు" అన్నారు గర్వంగా.

కోర్సు ఆరు గంటలు. లాప్‌టాప్ ముందు కూర్చుని చదవడమే కదా, నలభై నిమిషాల్లో అవగొట్టేస్తానన్నారు. ఆయన దేన్నైనా రెండింతల వేగంలో చూస్తారు. ఆఫీసు ట్రైనింగులే కాదు, ప్రవచనాలు కూడా. రామాయణం మొత్తం మధ్యాహ్నం భోజనంలోపు అయిపోతుంది. ఇక్కడ మాత్రం ప్రతి పేజీకీ ఒక గడియారం. ఆయన చదవడం అయిపోతుంది, గడియారం అవదు. అయ్యేదాకా ముందుకెళ్ళే బటన్ ముట్టుకున్నా కదలదు. ఈ పద్ధతి కనిపెట్టిన మనిషెవరో గానీ నా చేతుల్లో ఉంటే సన్మానం చేసేదాన్ని. జరిమానా మా ఆయనకి శిక్షే కాదు. క్రెడిట్ కార్డు మీద కట్టి ఎన్ని పాయింట్లొచ్చాయో చూసుకుంటారు. తొందరపడ్డవాణ్ణి కూర్చోబెట్టి ఆరు గంటలు నిదానం తాగించడం, అదీ శిక్షంటే.

మా అత్తయ్యగారు తెనాలి నుంచి ఆర్నెల్లకి వచ్చారు. కొడుకు మళ్ళీ చదువుకోవడం చూసి ముచ్చటపడి పక్కన కుర్చీ వేసుక్కూర్చున్నారు. గంటకి 60 మైళ్ళ వేగంలో కారు సెకనుకి 88 అడుగులు పోతుందని తెరమీద వచ్చింది.

"అంటే మన ఇంటి వీధి గుమ్మం నుంచి పెరట్లో బావి దాకానట్రా!" అన్నారావిడ.

"మనది 57 కదమ్మా. 83.6 అడుగులే."

"పోన్లే నాన్నా, బావిలో పడకుండా ఆగావు."

మధ్యమధ్య ఆ కోర్సుకి అనుమానమొస్తుంది. ముందే రాయించుకున్న సొంత సంగతులు హఠాత్తుగా అడుగుతుంది, కూర్చున్నది మీరేనా అని. ఓసారి మా ఆయన ఆఫీసు కాల్‌లో ఉండగా 'మీ మొదటి బండి రంగు?' అని తెరమీదికొచ్చింది. నీలం అన్నాన్నేను. "నా గొలుసు కుదువపెట్టి కొన్నాం, మర్చిపోతానా? ఎరుపు" అన్నారు అత్తయ్యగారు. ఆ గొలుసు సంగతి నేను వినడం అదే మొదలు. మేం తేల్చుకునేలోగా ఆయన పరిగెత్తుకొచ్చి టైపు చేశారు. ఎరుపే.

అన్నట్టు, అమెరికాలో స్పీడు తప్పుకి దొరికిన తొలివాళ్ళలో ఒకాయన, జేకబ్ జర్మన్, న్యూయార్కులో టాక్సీ నడిపేవాడు. 1899లో గంటకి 12 మైళ్ళ వేగంతో పోతుంటే ఒక పోలీసు సైకిల్ మీద తరిమి పట్టుకున్నాడు. ఆ టాక్సీ కరెంటు బండి. మా ఆయనదీ కరెంటు బండే. ఆయనదీ 12, ఈయనదీ 12. కాకపోతే ఆయన్ని లాకప్పులో పెట్టారు. నాలుగో గంటకి మా ఆయన, లాకప్పే నయమన్నారు.

నాకు బాగా నచ్చింది విరామం. ఆ ఆరు గంటల్లో ఒక గంట విశ్రాంతికే పోతుంది, అదీ లెక్క ప్రకారం. నిలబడి అన్నం తినే మనిషికి ఏం చేయాలో తోచక వంటింట్లోకి వచ్చి కూర్చున్నారు. ఆ రోజు మా ఇంట్లో గోరుచిక్కుళ్ళు తుంచి పెట్టింది టెక్సాస్ ప్రభుత్వమే.

చివర పరీక్ష. 70 శాతం వస్తే చాలు. కానీ విజయవాడ హాస్టల్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎంసెట్‌కి చదివిన ఒంటికి 70 సరిపోతుందా? రాత్రి కూర్చుని నోట్సు రాసుకున్నారు. బిట్లు ఎక్కడైనా దొరుకుతాయా అని స్నేహితుణ్ణి అడిగారు. పాసయ్యారు, ఒక్కటి తప్పింది. పసుపు లైటు ప్రశ్న. కీ తప్పని, అభ్యంతరం పెడతానని రెండు రోజులు తిరిగారు.

సర్టిఫికెట్టు ఒక ప్రతి కోర్టుకి, ఇంకోటి ఇన్సూరెన్సుకి. దానితోపాటు తన డ్రైవింగ్ చరిత్రని తనే రాష్ట్రం దగ్గర డబ్బిచ్చి కొనుక్కుని కోర్టుకి పంపాలి, దాన్ని టైప్ 3ఏ అంటారు. ఇన్సూరెన్సువాళ్ళు ఏమైనా తగ్గిస్తారేమోనని మా ఆయన ఫోన్లో గంటసేపు లైన్లో ఉన్నారు. తగ్గిస్తారట. ఆ సంబరంలో టికెట్టు రావడమే మంచిదైందన్నారు.

అత్తయ్యగారు మాత్రం తెనాలికంతా ఫోన్లు చేశారు, అబ్బాయి ఈ వయసులో పరీక్ష రాసి గవర్నమెంటు సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడని. మర్నాడు పిన్నిగారు నాకు చేశారు. "అమ్మాయ్, మావాడూ అమెరికా అంటున్నాడు. ఆ కోర్సులో సీటు రావాలంటే ఎంట్రన్సేమైనా రాయాలా?"

"అక్కర్లేదు పిన్నిగారూ. పోలీసే కారు దగ్గరికొచ్చి అప్లికేషన్ ఇస్తాడు."